ఒక్క ఓటుతో గెలిచిన అధ్యక్షుడు

గత భాగంలో అమెరికా అంతర్యుద్ధం ముగిశాక రాజ్యాంగంలోకి వచ్చిన మూడు సవరణల దగ్గర ఆగాం. బానిసత్వాన్ని రద్దు చేసింది 13వ సవరణ. ఆ గడ్డ మీద పుట్టినవాళ్లందరూ పౌరులేనని చెప్పింది 14వది. జాతి కారణంగా ఓటు నిరాకరించకూడదన్నది 15వది. అయిదేళ్ల వ్యవధిలో, 1865కూ 1870కూ మధ్య, మూడూ వచ్చాయి. ఇప్పటికీ ఉన్నాయి. కానీ వీటిలో చివరి రెండూ దక్షిణాది రాష్ట్రాల్లో కొన్ని దశాబ్దాలపాటు కాగితానికే పరిమితమయ్యాయి. ఒక్క అక్షరం కొట్టేయకుండా ఒక హక్కును ఎలా చంపేశారన్నదే ఈ భాగం.

ఈ కథ చెప్పేవాళ్లు మామూలుగా 1877 ఫిబ్రవరిలో, వాషింగ్టన్‌లోని ఓ హోటల్లో జరిగిన మంతనాలతో మొదలుపెడతారు. నా లెక్కలో అది కథ చివర. మొదలు అంతకు ఏడు నెలల ముందు, సౌత్ కరోలినా అంచున, సవానా నది ఒడ్డున హ్యాంబర్గ్ అనే చిన్న ఊళ్లో ఉంది. నది దాటితే జార్జియా రాష్ట్రం, అగస్టా పట్నం. హ్యాంబర్గ్‌లో ఎక్కువమంది నల్లవాళ్లు. ఊరి మేజిస్ట్రేటు ప్రిన్స్ రివర్స్ ఒకప్పటి బానిస, యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో చేరి సార్జెంటయ్యాడు. ఊరి మార్షల్ జేమ్స్ కుక్ కూడా నల్లవాడే. వీళ్లతో పాటు రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన నల్లజాతి మిలీషియా దళం ఒకటి ఆ ఊళ్లో ఉండేది. పదకొండేళ్ల కిందటి దాకా తాము అమ్మి కొన్న మనుషులు ఇప్పుడు తీర్పు చెప్పడం, తుపాకీ పట్టుకోవడం చుట్టుపక్కల తెల్ల భూస్వాములకు కంట్లో నలుసయింది.

1876 జులై 4. దేశానికి నూరేళ్లు నిండిన రోజు. మిలీషియా దళం వీధిలో కవాతు చేస్తోంది. ఇద్దరు తెల్ల యువకులు బగ్గీలో వచ్చి దారి ఇమ్మన్నారు. మాటామాటా పెరిగింది. చివరికి దళం పక్కకు జరిగింది, బగ్గీ వెళ్లిపోయింది. అంతటితో పోవాల్సిన గొడవ. కానీ బగ్గీవాళ్ల తరఫున రివర్స్ దగ్గర ఫిర్యాదు పడింది, జులై 8న విచారణ అన్నారు. ఆ రోజుకు పక్క ఊళ్ల నుంచి వందలమంది తుపాకులతో దిగారు. వాళ్ల తరఫు వకీలు మాథ్యూ బట్లర్, దక్షిణాది సైన్యంలో మాజీ జనరల్. దళం తన తుపాకులన్నీ అప్పజెప్పాలన్నాడు. వాళ్లు ఒప్పుకోలేదు, తమ ఆయుధాగారంలోకి వెళ్లి తలుపులేసుకున్నారు. అగస్టా నుంచి నది దాటించి ఫిరంగి తెచ్చారు. కాల్పుల్లో మెరివెదర్ అనే తెల్ల యువకుడొకడు చనిపోయాడు. చీకట్లో పారిపోతూ దొరికినవాళ్లలోంచి కొందరిని పేరు పెట్టి పిలిచి, పక్కకు తీసుకెళ్లి కాల్చేశారు. మార్షల్ కుక్‌తో కలిపి ఆరుగురు నల్లవాళ్లు చచ్చిపోయారు.

ఒక్కరికీ శిక్ష పడలేదు. బట్లర్ మరుసటి ఏడాదికల్లా అమెరికా సెనేటర్ అయ్యాడు. ఆ గుంపులో బెంజమిన్ టిల్మన్ అనే యువ రైతు కూడా ఉన్నాడు. తర్వాత గవర్నరయ్యాడు, సెనేటరయ్యాడు. ఆ రాత్రి సంగతి దాచుకోకపోగా, 1909లో తన పాత అనుచరుల సభలో కూడా గర్వంగా చెప్పుకున్నాడు. ఎన్నికల ముందు ఏదో ఒక సాకుతో గొడవ లేపి నల్లవాళ్లకు బుద్ధి చెప్పాలని తమ జిల్లా పెద్దలు ముందే అనుకున్నారట, మొదటి అవకాశం హ్యాంబర్గ్‌లో దొరికిందట. నేరస్థుడే ఇంత వివరంగా సాక్ష్యం చెప్పి పెట్టడం చరిత్రకారుడికి అరుదుగా దొరికే సదుపాయం.

ఎందుకిదంతా? సౌత్ కరోలినా జనాభాలో సగానికి పైగా నల్లవాళ్లు. వాళ్ల మగవాళ్లకు ఓటొచ్చాక (ఆడవాళ్లకు అప్పటికి ఏ రంగువాళ్లకూ ఆ దేశంలో దాదాపు ఎక్కడా ఓటు లేదు) లింకన్ పార్టీ అయిన రిపబ్లికన్లే గెలుస్తున్నారు. డెమొక్రాట్లు న్యాయంగా నెగ్గే దారి లేదు. దారి మరో దక్షిణాది రాష్ట్రం చూపించింది. 1875లో మిసిసిపీలో రిపబ్లికన్ల సభల మీద పడి కొట్టారు, చంపారు, ఎన్నిక నెగ్గారు. గవర్నర్ ఏమ్స్ కేంద్రాన్ని సైన్యం పంపమని వేడుకుంటే, ఏటా ఎన్నికల రుతువులో వచ్చే ఈ దక్షిణాది గొడవలతో జనం విసిగిపోయారని వాషింగ్టన్ నుంచి జవాబొచ్చింది. అసలు కారణం ఇంకొకటి ఉందని మిసిసిపీ కాంగ్రెస్ సభ్యుడు, మాజీ బానిస జాన్ లించ్ తర్వాత తన పుస్తకంలో రాశాడు. మిసిసిపీకి సైన్యం వెళితే ఒహాయోలో మనం ఓడిపోతామని అక్కడి రిపబ్లికన్ పెద్దలు ఒత్తిడి తెచ్చినట్టు అధ్యక్షుడు గ్రాంట్ స్వయంగా తనతో అన్నాడట. ఆ ఏడాది ఒహాయోలో గవర్నరుగా పోటీ చేసి, కొద్ది తేడాతో నెగ్గినవాడు రూథర్‌ఫర్డ్ హేస్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

కోర్టులు కూడా చేతులు కడుక్కున్నాయి. లూయిజియానాలోని కోల్‌ఫాక్స్‌లో 1873 ఈస్టర్ నాడు జరిగిన ఊచకోత మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1876 మార్చిలో తీర్పొచ్చింది: 14వ సవరణ కట్టడి చేసేది రాష్ట్ర ప్రభుత్వాలను, చంపినవాళ్లు మామూలు వ్యక్తులు, కాబట్టి కేంద్ర చట్టం కింద ఈ శిక్షలు నిలవవు. రాష్ట్రం శిక్షించదు, కేంద్రానికి శిక్షించే అధికారం లేదు. హ్యాంబర్గ్‌లో గుమిగూడిన పెద్దమనుషులకు ఇది తెలియని విషయమేం కాదు.

ఇలాంటి వాతావరణంలో 1876 అధ్యక్ష ఎన్నిక వచ్చింది. రిపబ్లికన్ల అభ్యర్థి హేస్. డెమొక్రాట్ల అభ్యర్థి న్యూయార్క్ గవర్నర్ శామ్యూల్ టిల్డెన్, బాగా డబ్బున్న లాయరు, న్యూయార్క్ నగరాన్ని దోచుకున్న ట్వీడ్ ముఠా మీద పోరాడి పేరు తెచ్చుకున్నవాడు. ఇద్దరూ నిజాయతీపరులనే పేరున్నవాళ్లే. చరిత్రలో కొన్ని పెద్ద మోసాలు మంచివాళ్ల పేరు మీదే జరుగుతాయి.

సౌత్ కరోలినాలో గవర్నర్ పదవికి డెమొక్రాట్ల అభ్యర్థి వేడ్ హ్యాంప్టన్, మాజీ జనరల్. అతని వెంట ఎర్రచొక్కాలు తొడుక్కుని, గుర్రాల మీద, తుపాకులతో వేలమంది ఊళ్లు తిరిగారు. రిపబ్లికన్ సభ ఎక్కడ జరిగితే అక్కడికి వెళ్లి, మాకూ సగం సమయం ఇవ్వాలని వేదిక ఎక్కేవాళ్లు. వినేవాళ్ల చుట్టూ గుర్రాలు నిలిపేవాళ్లు. పోలింగ్ తీరు కూడా వాళ్లకు కలిసొచ్చింది. అప్పట్లో ప్రభుత్వం ముద్రించే బ్యాలెట్ లేదు. ఏ పార్టీ చీటీ ఆ పార్టీదే, రంగో సైజో చూస్తే దూరం నుంచే తెలిసిపోతుంది. ఓటరు ఆ చీటీ పట్టుకుని అందరి ముందూ నడిచి వెళ్లి పెట్టెలో వేయాలి. భూమి కౌలుకిచ్చిన యజమాని పెట్టె పక్కనే నిలబడి ఉంటాడు. అమెరికా రాష్ట్రాలు రహస్య బ్యాలెట్‌కు మళ్లడం 1888 నుంచే మొదలైంది. చదువురాని నల్ల ఓటరును బోల్తా కొట్టించడానికి రిపబ్లికన్ గుర్తులు, లింకన్ బొమ్మ వేసి డెమొక్రాట్ల పేర్లు ముద్రించిన చీటీలు కూడా పంచారు. టిల్మన్ సొంత జిల్లా ఎడ్జ్‌ఫీల్డ్‌లో పోలైన ఓట్లు, అక్కడున్న మొత్తం వయోజన మగవాళ్ల కంటే ఎక్కువ!

నవంబర్ 7 రాత్రికి న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్, ఇండియానా టిల్డెన్‌వైపు వెళ్లాయి. ఓడిపోయామనుకుని హేస్ నిద్రపోయాడు. న్యూయార్క్ టైమ్స్ కార్యాలయంలో మాత్రం మేనేజింగ్ ఎడిటర్ జాన్ రీడ్ మేలుకునే ఉన్నాడు. పత్రిక రిపబ్లికన్ల పక్షం. రీడ్ యుద్ధంలో దక్షిణాదివాళ్ల జైల్లో మగ్గినవాడు, డెమొక్రాట్లంటే ఒళ్లు మంట. తెల్లవారుజామున డెమొక్రాట్ల పార్టీ ఆఫీసు నుంచి పత్రికకు ఒక కబురొచ్చింది: టిల్డెన్‌కు మీ లెక్కలో ఎన్ని ఓట్లొచ్చాయి? గెలిచినవాళ్లు ఇలా అడగరని రీడ్‌కు వెలిగింది. వాళ్లకే అనుమానం ఉందన్నమాట. రిపబ్లికన్ పార్టీ అధ్యక్షుడు జకరాయ చాండ్లర్ బస చేసిన హోటల్‌కు పరుగెత్తి, మంచం మీదనుంచి లేపి, ఫ్లోరిడా, లూయిజియానా, సౌత్ కరోలినాలకు తంతి వార్తలు పంపించారు: మీ రాష్ట్రం మనదే, చేజారనివ్వకండి. తానే ముందు తంతి పంపానని డేనియల్ సికిల్స్ అనే మాజీ జనరల్ కూడా చెప్పుకున్నాడు. ఎవరు పంపితేనేం, ఆ మూడు రాష్ట్రాల్లో ఓట్లు లెక్కించే బోర్డులు ఇంకా రిపబ్లికన్ల చేతుల్లోనే ఉన్నాయి.

అమెరికాలో ఓటరు నేరుగా అధ్యక్షుణ్ణి ఎన్నుకోడు. ప్రతి రాష్ట్రం తన వాటాకొచ్చిన ఎలెక్టర్లను ఎన్నుకుంటుంది, వాళ్లు అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. ఆ ఏడు మొత్తం 369 మంది ఎలెక్టర్లు, గెలవడానికి 185 కావాలి. వివాదం లేనివి లెక్కేస్తే టిల్డెన్‌కు 184, హేస్‌కు 165. మిగిలినవి ఇరవై: లూయిజియానా 8, సౌత్ కరోలినా 7, ఫ్లోరిడా 4, ఇవి చాలవన్నట్టు ఒరెగాన్‌లో ఒక ఎలెక్టర్ పోస్ట్‌మాస్టర్ ఉద్యోగంలో ఉన్నాడని రేగిన పేచీతో ఇంకొకటి. టిల్డెన్‌కు ఒక్కటి దక్కినా చాలు. హేస్‌కు ఇరవైకి ఇరవై కావాలి. దేశం మొత్తం మీద ప్రజల ఓట్లలో టిల్డెన్‌కు రెండున్నర లక్షల ఆధిక్యం ఉంది.

లూయిజియానా రిటర్నింగ్ బోర్డు బెదిరింపులు జరిగాయన్న కారణంతో వేల ఓట్లు కొట్టేసింది. అందులో సుమారు 13,000 డెమొక్రాట్లవి. బెదిరింపులు నిజమే. కానీ కొట్టేసినవాళ్ల చేతులు శుభ్రంగా లేవు. బోర్డు అధ్యక్షుడు మాడిసన్ వెల్స్ ఫలితాన్ని బేరానికి పెట్టాడని అప్పుడే గుప్పుమంది. కొనడానికి అవతలివాళ్లూ సిద్ధమే. న్యూయార్క్‌లో టిల్డెన్ ఇంట్లోనే ఉంటున్న అతని మేనల్లుడు విలియం పెల్టన్ దక్షిణాది ఏజెంట్లతో రహస్య లిపిలో తంతి వార్తలు నడిపాడు. 1878లో న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రిక వాటి గుట్టు విప్పి అచ్చేసింది. అన్నీ లంచాల బేరాలే. నాకేమీ తెలియదని టిల్డెన్ ప్రమాణం చేశాడు. తెలియకపోయి ఉండొచ్చు.

న్యాయంగా ఎవరు గెలిచారని అడిగితే నా జవాబు ఇది. పెట్టెల్లో పడ్డ ఓట్లను మాత్రమే లెక్కేస్తే ఫ్లోరిడా బహుశా టిల్డెన్‌ది, అంటే అధ్యక్ష పదవీ అతనిదే. భయం లేకుండా అందరూ ఓటేసి ఉంటే సౌత్ కరోలినా, లూయిజియానాలతో పాటు, అసలు వివాదంలోనే లేని మిసిసిపీ కూడా హేస్‌కు వచ్చేది. రెండు దొంగతనాలు జరిగాయి. ఒకటి పోలింగుకు ముందు తుపాకులతో, రెండోది పోలింగు తర్వాత కలంతో. తర్వాత నాలుగు నెలలపాటు వాషింగ్టన్ తర్జనభర్జన పడింది రెండోదాని గురించే.

ప్రతి వివాదాస్పద రాష్ట్రం నుంచీ వాషింగ్టన్‌కు పోటీ ధ్రువపత్రాలు చేరాయి. రాజ్యాంగం ఏమంటుంది? సెనేట్ అధ్యక్షుడు ఉభయసభల ముందు వాటిని తెరవాలి, అప్పుడు ఓట్లు లెక్కించబడాలి. ఎవరు లెక్కించాలో చెప్పలేదు. సెనేట్ రిపబ్లికన్లది, ప్రతినిధుల సభ డెమొక్రాట్లది. ఎవరికి వాళ్లు మేమే అన్నారు. యుద్ధం ముగిసి పన్నెండేళ్లు కాలేదు, మళ్లీ తుపాకులు పడతామన్న మాటలు వినపడ్డాయి. జనవరి 29న ఒక చట్టం చేసి పదిహేనుమందితో కమిషన్ వేశారు: అయిదుగురు సెనేటర్లు, అయిదుగురు ప్రతినిధులు, అయిదుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు. ఏడుగురు ఇటు, ఏడుగురు అటు అని ముందే తెలుసు. పదిహేనోవాడు డేవిడ్ డేవిస్ అవుతాడని అందరి అంచనా. లింకన్ స్నేహితుడు, ఏ పార్టీకీ లొంగని న్యాయమూర్తి.

సరిగ్గా అప్పుడే ఇల్లినాయ్ శాసనసభలో డెమొక్రాట్లు, వాళ్లతో కలిసిన మూడో పార్టీవాళ్లు డేవిస్‌ను సెనేటర్‌గా ఎన్నుకున్నారు. అతన్ని మంచి చేసుకుందామనుకున్నారేమో, డేవిస్ ఆ పదవి పుచ్చుకుని కమిషన్‌కు దణ్ణం పెట్టేశాడు. ఇంత ఖరీదైన తెలివితేటలు అమెరికా రాజకీయాల్లో మళ్లీ కనపడవు. అతని స్థానంలోకి వచ్చింది జోసెఫ్ బ్రాడ్లీ, రిపబ్లికన్. ఫ్లోరిడా, లూయిజియానా, ఒరెగాన్, సౌత్ కరోలినా, ప్రతిచోటా తీర్పు 8-7. కమిషన్ పట్టుకున్న సూత్రం ఒకటుంది. రాష్ట్ర అధికారులు పద్ధతి ప్రకారం ఇచ్చిన ధ్రువపత్రం వెనక్కి వెళ్లి మేం విచారించం. దీంతో రిటర్నింగ్ బోర్డుల మోసం విచారణకు రాలేదు. ఎర్రచొక్కాల దౌర్జన్యమూ రాలేదు. హ్యాంబర్గ్ ఊసే రాలేదు.

బ్రాడ్లీ గురించి ఒక్క మాట. నల్లవాళ్ల ఓట్లతో నెగ్గానని చెప్పుకునే పార్టీకి అధ్యక్ష పదవి ఇచ్చిన ఈ న్యాయమూర్తే 1883లో, హోటళ్లలో, రైళ్లలో, నాటకశాలల్లో వివక్షను నిషేధించిన 1875 నాటి పౌరహక్కుల చట్టాన్ని కొట్టేస్తూ తీర్పు రాశాడు. నల్లవాళ్లు చట్టానికి ముద్దుబిడ్డలుగా ఉండటం ఎప్పుడో ఒకప్పుడు మానాలి అన్నది ఆ తీర్పు సారాంశం. బానిసత్వం పోయి అప్పటికి పద్దెనిమిదేళ్లు.

లూయిజియానా చేజారగానే ప్రతినిధుల సభలో కొందరు డెమొక్రాట్లు లెక్కింపును సాగదీయడం మొదలుపెట్టారు. మార్చి 4కల్లా తేలకపోతే దేశానికి అధ్యక్షుడే ఉండడు. ఫిబ్రవరి 26న హేస్ తరఫు ఒహాయో నాయకులు, దక్షిణాది ప్రతినిధులు వాషింగ్టన్‌లో వర్మ్‌లీ హోటల్లో కూర్చున్నారు. హేస్ గెలిస్తే సౌత్ కరోలినా, లూయిజియానాల్లో రిపబ్లికన్ గవర్నర్లకు సైన్యం అండ ఉండదు. దానికి బదులుగా నల్లవాళ్ల హక్కులు కాపాడతామని దక్షిణాదివాళ్లు మాటిచ్చారు. ఆ హోటల్ యజమాని జేమ్స్ వర్మ్‌లీ నల్లవాడు, రాజధానిలో పేరున్న వ్యాపారి. లూయిజియానా తరఫున బేరమాడిన ఎడ్వర్డ్ బర్క్ తర్వాత ఆ రాష్ట్ర ఖజానాదారయ్యాడు, బాండ్ల కుంభకోణం బయటపడ్డాక హోండురాస్‌లో తేలాడు. మాట నిలబెట్టుకునే మనుషుల చేతుల్లోనే పెట్టారన్నమాట!

వర్మ్‌లీ హోటల్ బేరాన్ని పెద్ద కుట్రగా చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. 1951లో వాన్ వుడ్‌వర్డ్ అనే గొప్ప చరిత్రకారుడు దీని వెనక దక్షిణాది రైల్వేలకు రావాల్సిన ప్రభుత్వ సొమ్ము కథ కూడా ఉందని తవ్వి తీశాడు. నాకు మాత్రం ఆ గదిలో కొత్తగా అమ్మకానికి పెట్టినదేమీ ఉన్నట్టు కనపడదు. అప్పటికే గ్రాంట్ చేతులెత్తేశాడు. సైన్యం ఖర్చుల బిల్లును ప్రతినిధుల సభ ఆపేసింది. పోయిన సొత్తును ఎవరు పోగొట్టారో ఒక కాగితం రాసుకున్నారు, అంతే.

మార్చి 2 తెల్లవారుజామున నాలుగింటికి లెక్క ముగిసింది. 185 - 184. మార్చి 4 ఆదివారం పడింది. ఒక్కరోజు కూడా ఖాళీ ఉంచే ధైర్యం లేక, 3వ తేదీ రాత్రి వైట్‌హౌస్‌లో గుట్టుగా హేస్ చేత ప్రమాణం చేయించి, 5న బహిరంగంగా మళ్లీ చేయించారు. ఏప్రిల్ 10న సౌత్ కరోలినా శాసనసభ భవనం నుంచి, 24న న్యూ ఆర్లీన్స్ నుంచి సైనికులు బారకాసులకు వెళ్లిపోయారు. వాళ్లు నిజానికి గుప్పెడుమంది. అయినా ఓటరుకు ఆ గుప్పెడుమందే కేంద్రం ఉందనడానికి గుర్తు.

రాష్ట్రాల గొడవల్లో సైన్యం జోక్యం తగదన్న హేస్ ప్రభుత్వం మూడు నెలలు తిరక్కుండానే సైన్యాన్ని బయటికి తీసింది. జులైలో వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో జీతాలు కోసినందుకు రైల్వే కార్మికులు సమ్మె చేశారు, అది దేశమంతా పాకింది. వంద మంది దాకా చనిపోయారు. ఓటు కాపాడటానికి లేని సైనికులు రైలింజన్లు కదిలించడానికి దొరికారు. హేస్ పాలన గురించి చాలా మంచి మాటలు చదివాను గానీ, ఈ రెండు నిర్ణయాలు పక్కపక్కన పెట్టి చూశాక అతని మీద గౌరవం నిలబెట్టుకోవడం నాకు కష్టమైంది.

నల్లవాళ్ల ఓటు 1877తోనే మాయం కాలేదు, ఈ సంగతి చాలామంది మర్చిపోతారు. మరో ఇరవై ఏళ్లు మెల్లగా, ఒక్కో చట్టంతో పీల్చేశారు. సౌత్ కరోలినాలో 1882 చట్టం ఒక్కో పదవికి ఒక్కో పెట్టె చొప్పున ఎనిమిది పెట్టెలు పెట్టింది. తప్పు పెట్టెలో పడ్డ ఓటు చెల్లదు. పెట్టె మీద పేరు చదవగలిగినవాడే ఓటు వేయగలడు. ముందు వెళ్లినవాణ్ణి చూసి వెనకవాడు నేర్చుకుంటాడేమోనని మధ్యమధ్యలో పెట్టెలు మార్చేవాళ్లు. మిసిసిపీ 1890 రాజ్యాంగంలో తలపన్ను, చదువు పరీక్ష పెట్టింది. లూయిజియానా 1898లో ఇంకో అడుగు వేసి, 1867కు ముందు తాతో తండ్రో ఓటరైతే మనవడికి ఈ పరీక్షలు అక్కర్లేదంది. నల్లవాళ్ల తాతలు అప్పటికి ఓటర్లు కారు కదా. 1896లో లూయిజియానాలో నమోదైన నల్ల ఓటర్లు 1,30,334. 1904లో 1,342.

సౌత్ కరోలినా 1895 రాజ్యాంగ సభను నడిపించింది మన హ్యాంబర్గ్ టిల్మన్. ఎదురుగా కూర్చున్న ఆరుగురు నల్ల సభ్యుల్లో ఒకరు రాబర్ట్ స్మాల్స్. 1862లో చార్ల్‌స్టన్ రేవులో దక్షిణాది సైన్యానికి పనిచేసే ప్లాంటర్ అనే ఓడను రాత్రికి రాత్రి భార్యాబిడ్డలతో సహా ఉత్తరాది నౌకాదళానికి అప్పజెప్పిన బానిస. తర్వాత తన పాత యజమాని ఇంటినే కొనుక్కుని కాపురం పెట్టాడు, అయిదుసార్లు అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు. కొత్త రాజ్యాంగం మీద సంతకం పెట్టనన్నాడు. పెట్టనివాళ్లకు బత్తెం, దారి ఖర్చులు రావని బెదిరిస్తే, బ్యూఫర్ట్ దాకా నడిచి పోతానన్నాడట.

స్మాల్స్ 1915 ఫిబ్రవరిలో పోయాడు. అదే నెలలో లాస్ ఏంజెలిస్‌లో గ్రిఫిత్ తీసిన ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ సినిమా విడుదలైంది. మొహాలకు మసి పూసుకున్న తెల్ల నటులు నల్ల శాసనసభ్యులుగా వెకిలి వేషాలు వేస్తే, ముసుగుదొంగలైన క్లాన్ అనే తెల్ల ముఠావాళ్లు దేశాన్ని రక్షించినట్టు చూపిన సినిమా. వైట్‌హౌస్‌లోనూ ప్రదర్శించారు. సినిమావాళ్లను తిట్టి లాభం లేదు, వాళ్లకు కథ అందించింది పండితులు. కొలంబియా విశ్వవిద్యాలయంలో విలియం డన్నింగ్, ఆయన శిష్యులు, యుద్ధం తర్వాతి పదేళ్ల నల్లవాళ్ల పాలన అంతా అవినీతి, అజ్ఞానం అని పుస్తకాలు రాశారు. రెండు తరాలు బడుల్లో అదే చదువుకున్నాయి. నేను వాటిలో కొన్ని చదివాను. అడుగున ఉటంకింపులు దండిగా ఉంటాయి, నల్లవాడి సాక్ష్యం ఒక్కటీ ఉండదు.

ఆ చదువు ఎంత దూరం పోయిందో చూడండి. కెనడీ పేరుతో 1956లో వచ్చిన ‘ప్రొఫైల్స్ ఇన్ కరేజ్’ పుస్తకంలో మిసిసిపీ గవర్నర్ ఏమ్స్ పాలనను తీసిపారేసి రాశారు. సైన్యం పంపమని వేడుకున్న ఏమ్స్ ఈయనే. ఆయన కూతురు బ్లాంచ్ అప్పటికి బతికే ఉంది, దిద్దమని ఉత్తరం మీద ఉత్తరం రాసింది. కెనడీ అధ్యక్షుడయ్యాక కూడా వదల్లేదు. చివరికి కెనడీ ఆమె మనవడైన రచయిత జార్జ్ ప్లింప్టన్‌ను పట్టుకుని, మీ అమ్మమ్మను కాస్త ఆపవయ్యా అన్నాడట. పుస్తకం మారలేదు. ఆవిడే తండ్రి జీవితచరిత్ర రాసి 1964లో అచ్చేయించింది. స్మారకాల సంగతీ అంతే. హ్యాంబర్గ్‌లో చనిపోయిన మెరివెదర్‌కు పక్కనున్న నార్త్ అగస్టాలో 1916లోనే స్మారక స్తంభం కట్టారు. టిల్మన్ విగ్రహం 1940 నుంచి సౌత్ కరోలినాలోని కొలంబియా నగరంలో శాసనసభ ముందు నిలబడి ఉంది. చచ్చిపోయిన నల్లవాళ్ల పేర్లు ఒక ఫలకం మీదికి ఎక్కడానికి 2016 రావాల్సి వచ్చింది.

1876 చిక్కు మళ్లీ రాకూడదని 1887లో ఓట్ల లెక్కింపు చట్టం చేశారు. చదివితే లాయర్లకే తల తిరిగే చట్టం. 2000లో ఫ్లోరిడా మళ్లీ తగాదాకెక్కినప్పుడు సుప్రీంకోర్టు 5-4తో బుష్‌ను గెలిపించింది. ఆ అయిదుగురిలో ఒకరైన ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ నాలుగేళ్ల తర్వాత ఓ పుస్తకం అచ్చేశారు. దేని మీద? 1876 ఎన్నిక మీద, బ్రాడ్లీని కాస్త వెనకేసుకొస్తూ. 2021 జనవరిలో సెనేటర్ టెడ్ క్రూజ్, మరికొందరు 1877 కమిషన్‌నే ఆదర్శంగా చూపి, పది రోజులు లెక్కింపు ఆపి విచారణ జరపాలన్నారు. ఆ రెండింటికీ పోలికే లేదు. 1877లో కొన్ని రాష్ట్రాల నుంచి అధికారుల సంతకంతోనే రెండేసి పత్రాలు వచ్చాయి, 2021లో ఏ రాష్ట్రం నుంచీ రెండో అధికారిక పత్రం రాలేదు. జనవరి 6న కాంగ్రెస్ భవనం మీద జరిగిన అల్లర్ల తర్వాత, 2022 డిసెంబర్‌లో ఆ 1887 చట్టాన్ని సవరించి, ఒక్కో సభలో అయిదో వంతు సభ్యులు సంతకం పెడితే తప్ప అభ్యంతరం చెల్లదన్నారు. లెక్కించే పద్ధతి ఇప్పుడు నయమే. ఓటరు పెట్టె దాకా చేరే దారి సంగతి వేరు. 1965 ఓటుహక్కుల చట్టంతో కేంద్రం దక్షిణాదికి తిరిగొచ్చింది, 2013లో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని ఒక కీలకమైన కోరను పీకేసింది.

ఇదంతా మనకు దూరపు కథ అనుకునేవాళ్లకు ఒక సంగతి. తాత్కాలిక వీసా మీద పనిచేసే తెలుగు దంపతులకు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టిన పిల్లలు పుడుతూనే అమెరికా పౌరులవుతున్నారంటే అది 14వ సవరణ మొదటి వాక్యం పుణ్యం. మాజీ బానిసల కోసం రాసిన వాక్యమది. చైనా దంపతులకు శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో 1898లో అది వలసదారుల పిల్లలకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ తాత్కాలిక వీసాదారుల పిల్లలకు అది వర్తించదంటూ ఉత్తర్వు ఇచ్చారు, వెంటనే వ్యవహారం కోర్టులకెక్కింది. అక్కడ వాదన సాగింది 14వ సవరణ రాసినవాళ్లు 1866లో కాంగ్రెస్‌లో ఏమన్నారు, ఏ ఉద్దేశంతో అన్నారు అన్నదాని మీదే.

వచ్చే భాగంలో నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్ వెళ్దాం. 1898 నవంబర్ 10న అక్కడ, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి నడుపుతున్న నగర ప్రభుత్వాన్ని తుపాకులతో గద్దె దింపారు. ఈలోగా ఇంగ్లీషు చదవగలిగిన పాఠకులు డుబోయిస్ 1935లో రాసిన ‘బ్లాక్ రీకన్‌స్ట్రక్షన్’ సంపాదించండి. ఏడు వందల పేజీలు దాటిన పుస్తకం, భయపడకండి. చరిత్రకారులే చరిత్రను ఎలా పాడుచేశారో పేర్లతో సహా చెప్పిన చివరి అధ్యాయం ముందు చదవండి.